పనికన్ను

మా ఆయన దేన్నైనా నిదానించి చూడాలంటే కుడికన్ను మూసేవాడు. ఎరగనివాళ్ళకు అది కన్ను కొట్టినట్టే ఉండేది. ఒకసారి ఆత్మకూరు సంతలో నా చేతికి ఏ కొలత గాజులు పడతాయో చూద్దామని గాజులామె ముందు కూర్చుని అలాగే కన్ను మూశాడు.

"ఏందయ్యో, పెళ్ళాం పక్కనుండంగానేనా!" అని ఆమె గంప వెనక్కి లాక్కుంది.

నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం తొణకలేదు. "ఆ కన్ను సూర్యుడికి ఇచ్చేసినానమ్మా. నాకు మిగిలింది ఈ ఒక్కటే. దీంతోనే నీ గాజులైనా చూడాల, దాని చెయ్యైనా చూడాల" అన్నాడు. ఆమె గంప మళ్ళీ ముందుకు జరిపి, ఎట్లా పోయిందని అడిగింది. గాజులు వేయించుకున్నంతసేపూ ఆయన చెబుతూనే ఉన్నాడు. ఆయన చెప్పింది సగమే. మిగతా సగం ఇంట్లో ఉండి చూసినదాన్ని నేను.

మాది ఉదయగిరి కొండ కనపడేంత దూరంలో ఉన్న పల్లె. మా వీధిది తోలుపని. చెప్పులూ కుట్టేవాళ్ళం గానీ అసలు పని కపిల బావులకు బానలు కుట్టడం. ఎద్దులు మోకు లాగుతుంటే బావిలోంచి నీళ్ళు పైకి తెచ్చే తోలు సంచే బాన. అది కుట్టడం అందరివల్లా కాదు. తోలుకు ఆరెతో పొడిచే రంధ్రం, అందులో దూర్చే తోలు వారుకంటే సన్నంగా ఉండాలి. అప్పుడే వారు బిగుసుకుని నీరు కారదు. రంధ్రం ఒక్క పిసరు పక్కకు పోయినా బాన ఏడుస్తూనే ఉంటుంది. అందుకని మా ఆయన ఆరె పట్టుకోగానే ఎడమకన్ను మూసి కుడికంటితో మొనను గురి చూసేవాడు. చిన్నప్పటినుంచీ అదే అలవాటు. మా అత్త ఆ కుడికంటిని పనికన్ను అనేది. "నా కొడుక్కి ఒకటి ముద్ద తినేదానికి, ఒకటి ముద్ద సంపాదించేదానికి" అని నవ్వేది.

ధాత నామ సంవత్సరంలో వచ్చిన పెద్ద కరువులో మా వీధి ఎంత నలిగిందో ఇక్కడ చెప్పను, అది వేరే కథ. కరువు తీరి వానలు పడ్డాక మా వీధిలో సగం మంది చెరువులో మునిగి బాప్తిస్మం తీసుకున్నారు. మా ఆయన ముందు మునిగాడు, తర్వాత నేను, ఆఖరున మా అత్త. మా ఎదురింట్లో మా ఆయన మేనత్త కొడుకు ఉండేవాడు. ఆయన మునగలేదు. "మీరు మునగండి, నేను గట్టు మీద బట్టలకు కాపలా ఉంటా" అన్నాడు. మా ఆయనకు బావ వరస. ఇద్దరికీ ఒకరినొకరు గిల్లుకోకుండా పొద్దు పోయేది కాదు.

ఆ మరుసటేడు ఆషాఢ అమావాస్యకు పగటిపూట గ్రహణం పడుతుందని పంచాంగం చూసేవాళ్ళు చెప్పారు. అప్పుడప్పుడూ మా వీధికి వచ్చి ప్రార్థన చేయించే ఉపదేశి ఒకాయన ఉండేవాడు, మంచి మనిషి. ఆయన వచ్చి, "మనకు రాహువూ లేడు, కేతువూ లేడు. సూర్యుడికి చంద్రుడు అడ్డమొస్తే గ్రహణం. భయపడి పొయ్యి ఆర్పుకోని కూర్చోబాకండి. మీ పని మీరు చేసుకోండి" అన్నాడు. ఆయన చెప్పింది అంతే. మా ఆయన మనసులో అది ఇంకొంచెం పెరిగింది.

నేను అప్పుడు కడుపుతో ఉన్నాను. నెలలు నిండుతున్నాయి. ఆ రోజు మధ్యాహ్నం అంబలి తాగి చెయ్యి కడుక్కుంటుంటే మా అత్త తడిక తీసి పట్టుకుంది.

"మేయ్, లోపలికి పో. విడుపయ్యేదాకా బయటికి రాబాక."

"అత్తా, ఉపదేశి చెప్పినాడు గదా..."

"ఉపదేశికి కడుపొచ్చిందా? పో లోపలికి."

నేను లోపలికి పోయాను. మా అత్త వాకిట్లో మట్టి మూకుడు పెట్టి, నీళ్ళు పోసి, కాస్త పేడ, చిటికెడు పసుపు కలిపింది. మా పక్క ఎప్పుడూ గ్రహణం చూసేది అలాగే. తలెత్తకూడదు. మూకుట్లోకి ఒకసారి తొంగి చూసి, మొహం తిప్పుకోవాలి. మళ్ళీ కాసేపాగి చూడాలి. పిల్లలు గుడ్లప్పగించి చూస్తే వీపు మీద ఒకటి పడేది.

మా ఆయన లేచి వచ్చి ఆ మూకుడు ఎత్తి నీళ్ళన్నీ మునగచెట్టు మొదట్లో పారబోశాడు.

"ఇవన్నీ ఇంక వద్దమ్మా. వదిలేసినాం గదా."

"నేను మునిగింది నిజమేరా. పేడనీళ్ళు ఏం చేసినాయి నిన్ను?"

"ఇంట్లో ఇవి ఉంటే ఎదురింటాయన ఏమంటాడు?"

అసలు సంగతి అది. ఎదురింటాయన అప్పటికే తన వాకిట్లో పసుపునీళ్ళ పళ్ళెం పెట్టుకుని, గోడ నీడన చతికిలబడి మా వైపే చూస్తున్నాడు. మా ఆయన తోలు ఒళ్ళో వేసుకుని ఆరె తీసుకుని పనికి కూర్చున్నాడు. పై వీధి ఆసామి బాన అది, సగం కుట్టి ఉంది. ఆసామి కపిలకు పాత బాన చిరిగిపోయి, రాగి మడులు ఎండుతున్నాయని రోజూ మనిషిని పంపుతున్నాడు.

తడిక వెనక ఉన్న నాకు మాటలన్నీ వినపడుతున్నాయి.

"ఏం బావా, పట్టింది. నీకు కనపడలా?" అన్నాడు ఎదురింటాయన.

"పట్టేదేంది, చంద్రుడు అడ్డమొచ్చినాడు."

"రాహువు లేడంటివే. లేనోడు సూర్యుణ్ణి ఎట్ట కొరికినాడు?"

"కొరకలా అంటే వినవే."

"నువ్వు చూడందే నీకెట్ట తెలుసు? నేనంటే పిరికోణ్ణి, పళ్ళెంలో చూస్తా ఉండా. నువ్వు ధైర్యమున్నోడివి గదా, తలెత్తి చూసి చెప్పు."

ఆ రోజు పలచని మబ్బు. చురుక్కుమనే ఎండ కూడా లేదు. సూర్యుడు చూడబుద్ధయ్యేటట్టే ఉన్నాడట. మా ఆయన ఆరె చేతిలో అలాగే పట్టుకుని, తలెత్తి, ఎడమకన్ను మూసి, కుడికంటితో చూశాడు. తోలు మీద గురి చూసినట్టే.

"ఒక పక్క తగ్గిందిరా బావా. చక్కగా కనపడతా ఉండాది. కంటికేం కావడం లేదు."

"తల దించరా నాయనా, చాల్లే!" అంది మా అత్త.

"నొప్పే లేదమ్మా. ఉత్త భయం పెట్టినారు ఇన్నాళ్ళూ."

పనిచేసుకుంటూ మధ్యమధ్య తలెత్తి చూస్తూనే ఉన్నాడు. ఒక కుట్టు వేస్తాడు, చూస్తాడు. ఎంత తగ్గిందో ఎదురింటికి కేకేసి చెబుతాడు. ఎదురింటాయన పళ్ళెంలో చూసి, అవునా కాదా అంటాడు. ఇద్దరికీ అదో ఆటైపోయింది.

లోపల నాకు ఇంకో వింత. మా ఇంటి తాటాకు కప్పుకు చిన్న చిన్న చిల్లులు ఉండేవి. వాటిలోంచి రోజూ గుండ్రటి వెలుగు చుక్కలు నేల మీద పడేవి. ఆ రోజు అవి పలచగా, మసకగా పడ్డాయి గానీ, గుండ్రంగా లేవు. ప్రతి చుక్కకూ ఒక పక్క ఎవరో కొరికేసినట్టుంది. అలికిన నేల మీద కొరికిన రొట్టెలు చల్లినట్టు. నేను చేతులు నేలకానించి వాటినే చూస్తూ కూర్చున్నాను. కొరుకు పెరిగింది, కాసేపుండి తగ్గింది, మళ్ళీ గుండ్రమయ్యాయి. కొరుకు బాగా ఉన్నప్పుడే అత్తను పిలిచి చూపించాను.

"నీకు ఇంట్లోకే వచ్చిందే గ్రహణం" అంది ఆమె.

సాయంత్రం మా ఆయన అన్నానికి కూర్చున్నాడు. అన్నంలో చెయ్యి పెట్టి, "దీపం ఎందుకింత పచ్చగా ఉండాది?" అని మాత్రం అడిగాడు. ఆముదం మార్చలేదే అన్నాను. అంతటితో అయిపోయింది.

మర్నాడు పొద్దున పనికి కూర్చుని నన్ను కేకేశాడు.

"మేయ్, ఈ ఆరె మొన ఇరిగింది చూడు."

చూశాను. మొన సూదిలా ఉంది. "ఇరగలేదు" అన్నాను.

"సరిగ్గా చూడు."

"సరిగ్గానే చూసినాను. బాగానే ఉండాది."

మళ్ళీ ఎడమకన్ను మూసి మొన వైపు చూశాడు. తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. తర్వాత తోలు మీద ఆనించి పొడిచాడు. అది బొటనవేలి గోటి పక్కన దిగింది. ఆయన వేలు నోట్లో పెట్టుకోలేదు, నెత్తురు వైపు చూడనూ లేదు. వాకిట్లో రోలును చూశాడు, తడికను చూశాడు, నన్ను చూశాడు.

"నీ మొహం లేదే" అన్నాడు.

కుడికంటితో చూస్తే, చూసిన చోటల్లా మధ్యలో ఒక మచ్చ ఉందట. చుట్టూ అన్నీ కనపడుతున్నాయి. నా కొప్పు కనపడుతోంది, భుజాలు కనపడుతున్నాయి, మొహం దగ్గర మచ్చ. ఎట్లాంటి మచ్చ అని అత్త అడిగింది. ఒక పక్క కొరికిన రొట్టె మాదిరి అన్నాడు. నేను నేల మీద చూసిందే ఆయన కంట్లో పడి ఉండిపోయింది.

ఆ మాటకు మా అత్త పోయి మునగచెట్టు మొదట్లో కూర్చుంది. నాకు కడుపులో బిడ్డ కదిలింది. సగం కుట్టిన బాన గుంజకు వేలాడుతోంది. ఆ కన్ను లేకపోతే ఆయనకు బానల పని లేదు. బానల పని లేకపోతే పుట్టబోయే బిడ్డకు మళ్ళీ కరువే.

ఎదురింటాయన వచ్చాడు. ముందురోజు నవ్వు లేదు. గుమ్మం దగ్గరే నిలబడి, "రాహువు తగిలినాడు బావా. నామాట ఇను. ఒక కోడిని కోసి దిష్టి తీద్దాం. నేనే తెస్తా కోడిని" అన్నాడు.

"నన్ను రాహువు చూడలేదు. నేనే సూర్యుణ్ణి చూసినాను" అన్నాడు మా ఆయన.

"పోనీ కలికం పెట్టిద్దాం. నాకు తెలిసినాయన ఉండాడు, కన్ను మండిచ్చి మచ్చ కోసేస్తాడంట."

అప్పుడు మా అత్త లేచింది. "కంట్లో ఏదన్నా పోసినారంటే చెయ్యిరగ్గొడతా ఒక్కొక్కరికి. ఒకడు తలెత్తి చూడమనె, ఇంకొకడు చూసె. చాలింక మీ వైద్యాలు!"

నన్ను కాన్పుకు ఆత్మకూరులో మా పుట్టింటికి ఎలాగూ పంపాలి. తోళ్ళు వేసుకుని పోయే బండిలో నన్ను కూర్చోబెట్టారు. మా ఆయన తలకు మడతల తువ్వాలు కట్టి, ఎండ కళ్ళలో పడకుండా ముందుకు లాక్కుని బండి పక్కన నడిచాడు. ఆత్మకూరులో కళ్ళు చూసే హకీం సాయిబు ఒకాయన ఉండేవాడు, ముసలాయన. వసారాలో కూర్చోబెట్టి సంగతంతా విన్నాడు. కోప్పడలేదు. ఒక లవంగం తీసి మా ఆయన మొహానికెదురుగా పట్టుకున్నాడు.

"ఎడమకన్ను మూసుకో. ఏం కనపడతా ఉండాది?"

"మీ వేళ్ళు, ఉంగరం. వేళ్ళ మధ్యన ఏమీ లేదు."

"ఇప్పుడు కుడిది మూసుకో."

"లవంగం. దాని మీద మొగ్గ కూడా కనపడతా ఉండాది."

సాయిబు లవంగం నోట్లో వేసుకున్నాడు. "ఒకటన్నా దాచిపెట్టినావు. మామూలు రోజు సూర్యుణ్ణి చూడగలవా నువ్వు?"

"లేనయ్యా. కళ్ళు చెదురుతాయి."

"ఆ చెదిరేదే కంటికి కాపలా. మబ్బేసినా, గ్రహణం పట్టినా కాపలావాడు నిద్రపోతాడు. వెలుతురు తగ్గుతుందే గానీ, మిగిలిన ముక్కలో మంట తగ్గదు."

"నొప్పి లేదే అయ్యా? కాలితే నొప్పుండాల గదా?"

సాయిబు లోపలికి వెళ్ళి ఒక భూతద్దం తెచ్చాడు. వసారా అంచున ఎండలో పట్టి, కింద దూది పెట్టాడు. మేం చూస్తుండగానే దూది నల్లబడి పొగ లేచింది. "నీ కంట్లోనూ ఇట్టాంటి అద్దమే ఉండాది. దాని వెనకుండేది ఈ దూది. అక్కడ కాలితే నొప్పి తెలియదు. అందుకే ఇంకాసేపు చూడబుద్ధేస్తుంది" అన్నాడు.

మా ఆయన ఆ నల్లటి దూది చేతిలోకి తీసుకుని చాలాసేపు నలిపాడు. మందు ఏమిటని అడిగాడు.

"లేదు. ఉందన్నవాణ్ణి నమ్మబాక. ఎండలో తిరగబాక, కంట్లో ఏదీ వెయ్యబాక. కొంత దానంతటది తిరిగొస్తుంది. ఎంతో నేను చెప్పలేను. పైవాడికి తెలుసు."

"మా అమ్మ పేడనీళ్ళలో చూడమన్నది. నేనే పారబోసినాను."

"మడ్డినీళ్ళలో ఒకసారి తొంగి చూస్తే పెద్ద ముప్పు లేదు. తేటనీళ్ళలో కన్నార్పకుండా చూసినా ఇదే గతి. మసి పట్టిన గాజుపెంకులో చూసి వచ్చినవాళ్ళూ ఉండారు నా దగ్గరికి."

నేను తలుపు వార నిలబడి, ఇంటి నేల మీద చూసిన వెలుగు చుక్కల సంగతి చెప్పాను. సాయిబు నవ్వి, "మీ ఇంట్లో అందరికంటే సుఖంగా చూసింది నువ్వే తల్లీ. వీపు సూర్యుడికి, మొహం నేలకు. అంతకు మించింది లేదు" అన్నాడు.

మా ఆయన నన్ను పుట్టింట్లో దిగబెట్టి తిరిగి పోయాడు. నాకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డనెత్తుకుని నేను పల్లెకు వచ్చేసరికి ఆయన ఎడమచేతి బొటనవేలు నిండా పొడుపు గుర్తులే. మా అత్త చెప్పింది. పనికిరాని తోలుముక్కలన్నీ ఏరి తెచ్చుకుని, వాటి మీద రోజంతా పొడుస్తూ కూర్చునేవాడట. కుడికన్ను మూసి ఎడమకంటితో గురి చూస్తే, చెయ్యి పాత కంటి మాటే వినేది. కన్ను చూపించిన చోటుకు కాకుండా పక్కకు పోయేది. "ఎడమ చేత్తో అన్నం తిన్నట్టుండాదే అమ్మా" అని ఒకరోజు ఆరె విసిరేశాడట. దాన్ని వెతికి తెచ్చి చేతిలో పెట్టింది ఎదురింటాయన. అప్పటినుంచి ఆయన రోజూ వచ్చి ఎదురుగా కూర్చుని, "ఇటు పోయింది బావా, అటు పోయింది" అని చెబుతూ ఉండేవాడు. కోడి సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఉపదేశి వచ్చి ప్రార్థన చేశాడు. "భయపడొద్దన్నాను గానీ, చూడమన్నానా నాయనా?" అన్నాడు.

"నువ్వనలేదయ్యా. అన్నోడు వీడు, విన్నోణ్ణి నేను" అన్నాడు మా ఆయన ఎదురింటాయన్ను చూపిస్తూ.

మా అత్త మాత్రం ఊరుకోలేదు. "పాతవన్నీ పారబొయ్యమనే ముందు, ఏది దయ్యానిది, ఏది కంటిదీ చూసి చెప్పాల గదయ్యా" అంది. ఉపదేశి ఆ మాట ఒప్పుకున్నాడు. తర్వాత ఏ పల్లెకు పోయినా, గ్రహణం మాట వస్తే తలెత్తొద్దని కూడా చెప్పేవాడని విన్నాం.

ఆసామి బాన ఆఖరికి పూర్తయింది. ఎన్నాళ్ళు పట్టిందో లెక్క లేదు గానీ, ఆసామి అంతవరకూ పాత బానకే మాటువేయించుకుని గడుపుకున్నాడు. బావి దగ్గరికి నేనూ పోయాను, బిడ్డను చంకనేసుకుని. మోకు లాగారు. బాన పైకొచ్చింది. కుట్టంతా పొడవునా చెమ్మ, ఒక చోట ధార.

"కారతా ఉండాది గదరా!" అన్నాడు ఆసామి.

"కొత్త తోలయ్యా. నీళ్ళు తాగనీ. ఇంకో నాలుగు లాగుళ్ళు చూడు" అన్నాడు మా ఆయన. ఎద్దులు వెనక్కి నడిచాయి, ముందుకు నడిచాయి. తోలు ఉబ్బి వారును పట్టుకుంది. ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది. ఆసామి ఎద్దుల్ని అదిలించి పాట ఎత్తుకున్నాడు. మా ఆయన కుడికన్ను మూసి ఆ కుట్టును చూస్తూ నిలబడ్డాడు. అప్పుడే మొదటిసారి నాకు ఆ చూపు కొత్తగా అనిపించలేదు.

కుడికంట్లో మచ్చ రానురాను పలచబడింది. మా అత్త ఎదురుచూసినట్టు పూర్తిగా మాత్రం పోలేదు.

కొన్నేళ్ళకు మళ్ళీ పగటి గ్రహణం పట్టింది. అప్పటికి మా అమ్మాయి వీధంతా పరుగులు పెడుతోంది. మా ఆయన రంధ్రాలు పొడిచి పెట్టిన బాన తోలు ఒకటి తీసుకుని, రెండు గుంజల మధ్య ఎత్తుగా కట్టాడు. ఎండ ఆ రంధ్రాల గుండా దిగి, వాకిట్లో వరసగా వెలుగు చుక్కలు పరిచింది. వీధిలో వాళ్ళందరినీ పిలిచి, వీపులు సూర్యుడికి పెట్టి నిలబెట్టాడు. ఉపదేశి మాట విన్నవాళ్ళూ వచ్చారు, వినని ఎదురింటాయనా వచ్చాడు, పసుపునీళ్ళ పళ్ళెంతో సహా. మా అత్త తన పేడనీళ్ళ మూకుడు పక్కనే పెట్టుకుంది. ఈసారి ఎవరూ పారబోయలేదు. చుక్కలన్నీ ఒక్కసారిగా కొరుకుడు పడుతుంటే పిల్లలు కేకలేశారు.

మా అమ్మాయి ఆగలేక తల పైకెత్తబోయింది. ఆయన దాని గడ్డం పట్టుకుని కిందికి తిప్పాడు.

"నువ్వు చూసినావంట గదా నాయనా. పైన ఎట్టుంటుంది?"

"అదిగో, కింద ఉన్నట్టే ఉంటుంది."

"ఎంతసేపు చూసినావు?"

ఆయన కుడికన్ను మూసి దాని మొహం వైపు చూశాడు.

"ఇంకా చూస్తానే ఉండా తల్లీ. ఆ కన్ను తెరిస్తే అదే" అన్నాడు. అని, దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఏ చుక్క ఎంత కొరుకుడు పడిందో చెప్పమన్నాడు. అది వేలు పెట్టి చూపిస్తూ విడుపయ్యేదాకా చెబుతూనే ఉంది.